క్రిక్‌ఇన్ఫో: స్వచ్ఛంద శ్రమ నుంచి మాధ్యమ సంస్థ దాకా

క్రీడా మాధ్యమాల చరిత్రను సాధారణంగా పత్రిక, రేడియో, టెలివిజన్ అనే క్రమంలో వివరిస్తారు. ఈ క్రమంలో ఇంటర్నెట్ చేరిన తీరును పరిశీలించడానికి క్రిక్‌ఇన్ఫో తగిన ఉదాహరణ.

1993లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పరిశోధకుడిగా ఉన్న బ్రిటిష్ దేశీయుడు సైమన్ కింగ్ దీనిని ప్రారంభించాడు. క్రికెట్ ప్రసారాలు దాదాపు లేని ఆ దేశంలో స్కోరు తెలుసుకోవాలన్న ప్రవాస విద్యార్థుల ఆరాటమే దీనికి ఊపిరి. వివిధ దేశాల ఔత్సాహికులు మ్యాచ్ చూస్తూనో, రేడియో వింటూనో వివరాలు టైపు చేసి పంపేవారు. పాత స్కోరుకార్డులను సైతం ప్రతిఫలం లేకుండానే ఎక్కించారు. వెబ్ ఇంకా వ్యాపించని ఆ దశలో వారి సాధనాలు గోఫర్, ఐఆర్‌సీ వంటివి. అందులో ఉన్నది కేవలం అక్షరాలే.

క్రమంగా ఇది కంపెనీగా మారింది. వారిలో ఒకరైన బద్రి శేషాద్రి ఆ నిర్మాణంలో పాలుపంచుకున్నారు. 2000లో, డాట్‌కామ్ ఉప్పెన కాలంలో, హైదరాబాదు కేంద్రంగా ఉన్న సత్యం కంప్యూటర్స్ అనుబంధ సంస్థ సత్యం ఇన్ఫోవే ఇందులో 25 శాతం వాటాకు ఒప్పందం చేసుకుంది. ఉప్పెన తగ్గాక, 2003లో ఇది విజ్డెన్ చేతికి, 2007లో ఈఎస్‌పీఎన్ చేతికి వెళ్లింది.

దీనిని ఒక వ్యవస్థాపకుని విజయగాథగా మాత్రమే చదివితే చరిత్ర సగమే మిగులుతుంది. కొనుగోలుదారులు చెల్లించిన వెలలో ప్రధాన భాగం పాఠకుల విశ్వాసానిది, స్కోరుకార్డుల నిధిది. ఆ రెండింటినీ కూర్చినది సమష్టి శ్రమ. యాజమాన్య పత్రాలు వాటాదారుల పేర్లనే నమోదు చేస్తాయి. అర్ధరాత్రి మేల్కొని స్కోరు టైపు చేసిన విద్యార్థికి చోటు కల్పించవలసినది చరిత్రకారుడే.