ఇక్బాల్ లాడ్లా ఎవరు?

ఉర్దూ చదివిన పెద్దలున్న ఇళ్లల్లో జావేద్ అనే పేరు వినగానే అల్లామా ఇక్బాల్ కొడుకు గుర్తొస్తాడు. 1932లో అచ్చయిన ‘జావేద్ నామా’ ఆ పేరుని అంత మషూర్ చేసింది. మా ఉర్దూ మీడియం కితాబుల్లో కూడా ఇక్బాల్ ఔలాద్ అంటే జావేద్ జిక్రే. అయితే ఆయనకు ఇంకో కొడుకున్నాడు, ఇద్దరు కూతుళ్లున్నారు. మరి లాడ్లా ఎవరు? శాయరీని గవాహీగా తీసుకుంటే జావేదే. కానీ శాయరీ ఒక్కటే గవాహీ కాదుగదా.

మొదటి భార్య కరీం బీబీకి పుట్టినవాళ్లు మెరాజ్ బేగం, ఆఫ్తాబ్. ఆ నికాహ్ 1893లో జరిగింది, అప్పటికి ఇక్బాల్ ఇంకా చదువుకునే కుర్రాడే. ఇద్దరికీ మనసులు కలవలేదు. పిల్లలు ఎక్కువగా తల్లి దగ్గరే పెరిగారు. మెరాజ్ ఇరవై ఏళ్లయినా నిండకుండానే 1915లో ఇంతెఖాల్ అయిపోయింది. అంతకు ముందు ఏడాదే ఇక్బాల్ వాలిదా పోయారు. అమ్మీ మీద ఆయన రాసిన మర్సియా ఉర్దూ చదివిన ప్రతివాళ్లకీ తెలుసు. మెరాజ్ పేరుతో మాత్రం ‘బాంగె దరా’లో ఒక్క నజ్మ్ కూడా లేదు. దుఃఖం లేదని నేననను. రాయలేని దుఃఖాలుంటాయి. అయినా ఆ ఖాళీ నా కళ్లకు కొడుతూనే ఉంటుంది.

జావేద్ సంగతి వేరు. 1924లో సర్దార్ బేగంకి పుట్టాడు, అప్పటికి ఇక్బాల్‌కి నలభై దాటాయి. కొడుకు కోసం సర్‌హింద్‌లోని షేక్ అహ్మద్ సర్‌హిందీ మజార్ దగ్గర దువా చేశారు, పుడితే తీసుకొస్తానని అనుకున్నారు. 1934లో పిల్లవాణ్ని వెంటబెట్టుకుని వెళ్లి ఆ మాట నిలబెట్టుకున్నారు. 1931లో రౌండ్ టేబుల్ కాన్ఫరెన్స్ కోసం లండన్‌లో ఉన్నప్పుడు ఏడేళ్ల జావేద్ తన చేత్తో మొదటి ఖత్ రాశాడు. అబ్బా వచ్చేటప్పుడు గ్రామఫోన్ తేవాలని అందులో కోరిక. గ్రామఫోన్ రాలేదు, నజ్మ్ వచ్చింది! తర్వాత అది ‘బాలె జిబ్రీల్’లో చేరింది. దునియాకి అది గొప్ప తోఫా. ఏడేళ్ల బచ్చాకి మాత్రం, చెప్పండి, పాటలు పాడే పెట్టె ఎక్కువా, నసీహత్ ఎక్కువా?

ఇంట్లో ఎలా ఉండేదో జావేద్ ఇక్బాలే పెద్దయ్యాక రాశారు. వాలిద్ దగ్గరకు తీసుకుని ముద్దు చేయడం అరుదు, ఆయనంటే భయం ఉండేది, తిట్లు పడేవి. నౌకర్లను బూతులు తిడితే దెబ్బలు కూడా. 1930లో పుట్టిన మునీరాకి ఆ భయం లేదు. ఇంట్లో ముద్దుగా బానో అనేవారు. రాత్రుళ్లు అబ్బా పక్కనే పడుకుంటానని జిద్ చేసేది, సాగించుకునేది. 1935లో సర్దార్ బేగం పోయారు. అప్పటికి ఆ పిల్లకి ఐదేళ్లు కూడా లేవు. కొన్నాళ్లకు ఇక్బాల్ అలీగఢ్ నుంచి డోరిస్ అహ్మద్ అనే జర్మన్ మహిళను పిల్లల్ని చూసుకోవడానికి రప్పించారు. పిల్లలు ఆమెను ఆపా జాన్ అనేవారు. ఒడి ఎవరిది అని అడిగితే నా జవాబు బానో. జావేద్ మీద ఉన్నది లాడ్ కంటే ఉమ్మీద్ ఎక్కువ.

ఇల్లు ఎవరిది అని అడిగితే మళ్లీ జవాబు మారుతుంది. లాహోర్‌లో కట్టిన జావేద్ మంజిల్ సర్దార్ బేగం పేరు మీద ఉండేది. ఆమె జబ్బుతో మంచం మీద ఉండగా, జావేద్ పేరున హిబా కాగితాల మీద దస్తఖత్ చేయమని ఇక్బాల్ అడిగారు. పెద్దయ్యాక వీడెలా తయారవుతాడో ఎవరికి తెలుసు అని ఆమె వెనకాడింది, చివరికి చేసింది. ఆ తర్వాత ఇక్బాల్ తానుండే గదులకు నెల నెలా కొడుక్కి కిరాయి కట్టారు. ఈ కిరాయి ముచ్చట అందరూ మురిసిపోతూ చెబుతారు. నాకు మాత్రం నోమాన్ బిన్ బషీర్ హదీస్ గుర్తొస్తుంది. ఒక కొడుక్కి తోఫా ఇచ్చి గవాహ్‌గా ఉండమని తండ్రి వస్తే, మిగతా పిల్లలకూ ఇలాగే ఇచ్చావా అని రసూలుల్లాహ్ (స) అడిగారు. లేదంటే గవాహీకి ఒప్పుకోలేదు. బానో కూడా ఆ తల్లి కూతురే కదా. తన తర్వాత మైనర్ పిల్లలిద్దరినీ ఎవరు చూసుకోవాలో ఇక్బాల్ వసియత్‌లో రాసిపెట్టిన మాట నిజమే. ఇల్లు మాత్రం కొడుకుదే.

ఇక ఆఫ్తాబ్. 1898లో పుట్టాడు. తండ్రిలాగే ఫల్‌సఫా చదివాడు, తండ్రిలాగే లండన్ వెళ్లాడు, తండ్రిలాగే బారిస్టర్ అయ్యాడు. నడక ఇంతగా కలిసిన కొడుకుతోనే నారాజ్‌గీ. కరీం బీబీకి ఇక్బాల్ నెల ఖర్చు పంపుతూనే ఉన్నారు, కానీ బాప్ బేటాల మధ్య దూరం తగ్గలేదు. తప్పు ఒక్కవైపే ఉందని తీర్పు చెప్పడానికి నేను ఖాజీని కాను. తల్లిదండ్రులు విడిగా బతికిన ఇంట్లో పెద్దకొడుకు తల్లి పక్కన నిలబడటం మనకు కొత్త సంగతా? మన ఖాందాన్లలో ఎందరు ఆఫ్తాబ్‌లు లేరు? ఆయన వైపు కథను తర్వాత ఆయన భార్య పుస్తకంగా తెచ్చారు. దాన్ని చదివేవాళ్లు తక్కువ.

1938 ఏప్రిల్ 20 సాయంత్రం, ఇక్బాల్ చివరి సాయంత్రం. ఏడేళ్ల మునీరా ఆయన గదిలోకి మాటిమాటికీ వస్తోంది, పక్కన కూర్చుంటోంది. ఇక పద అని ఆపా జాన్ పిలిస్తే, ఇంకాసేపు అంటోంది. ఇది అబ్బాతో ఆఖరి ములాఖాత్ అని ఆ పిల్ల మనసుకు తెలిసినట్టుందని ఇక్బాలే అన్నారు. తర్వాత పదమూడేళ్ల జావేద్ వచ్చాడు. ఆయనకు చూపు సరిగా ఆనడం లేదు, ఎవరని అడిగారు. జావేద్‌ని అన్నాడు పిల్లవాడు. ఆయన నవ్వి, జావేద్‌గా అయి చూపిస్తే అప్పుడు ఒప్పుకుంటానన్నారు. పక్కనున్న చౌధురి ముహమ్మద్ హుసేన్ వైపు తిరిగి, ‘జావేద్ నామా’ చివర్లో కొడుకుని ఉద్దేశించి రాసిన భాగాన్ని వీడితో తప్పకుండా చదివించమని చెప్పారు. తెల్లవారుజామున ఆయన పోయారు.