చాలీస్‌గావ్ టాంగా, మా వాడ జీపు

మొన్న హాస్టల్ మీటింగ్‌లో ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, ఆ డొక్కు జీపుకు పెట్టే డబ్బుతో కొత్త బైకు వచ్చేది గదా, ఇంకా అమ్మవేంది?" అక్కడ నవ్వి ఊరుకున్నా. అది ఒక్క ముక్కలో తేలే సంగతి కాదు, అందుకే ఈ భాగం దాని మీదే రాస్తున్నా.

మాది మహీంద్రా ఎంఎం 540. జీపు పుట్టింది రెండో ప్రపంచ యుద్ధంలో, అమెరికా సైన్యం కోసం. 1941 నుంచి 1945 దాకా విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు ఆరు లక్షలకు పైగా తయారుచేశాయి. ఇక్కడ 1945లో మహీంద్రా సోదరులు, గులాం మహమ్మద్ కలిసి కంపెనీ పెట్టారు. దేశం ముక్కలయ్యాక గులాం మహమ్మద్ పాకిస్తాన్ మొదటి ఆర్థిక మంత్రిగా వెళ్లాడు. 1948లో కంపెనీ పేరులోంచి మహమ్మద్ పోయి, రెండో మహీంద్రా వచ్చి చేరింది. విల్లీస్ జీపుల్ని విడిభాగాలుగా తెప్పించి బొంబాయిలో బిగించడంతో మొదలైన ఆ బండి తర్వాత పోలీసు, రెవెన్యూ, అడవి శాఖ, అందరి బండీ అయింది.

ఇది కంపెనీ చరిత్ర. మా వాడకు ఇంకో చరిత్ర ఉంది. ఎంత బురదలోనైనా పోయే బండి అంటారు గానీ, మా వాడ బురదలోకి అది రెండు పనుల మీదే దిగేది. ఓట్లకు, లేదంటే ఎవణ్ణో ఎక్కించుకుపోవడానికి. ఇంజన్ చప్పుడు వినగానే మా నాయన చేతిలో ముద్ద ఆగిపోయేది. మా చిన్నతనంలో జీపంటే అదే.

బండికీ కులానికీ ఉన్న లంకె తెలియాలంటే బాబాసాహెబ్ రాసిన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' చదవండి. 1901లో చిన్న పిల్లాడిగా మసూర్ స్టేషన్‌లో దిగి గోరేగావ్‌లో ఉన్న తండ్రి దగ్గరికి పోవాలి. ఎడ్లబండి తోలడానికి ఎవడూ ఒప్పుకోలేదు. చివరికి రెట్టింపు కిరాయి ఇచ్చి పిల్లలే బండి తోలుకోవాలి, బండివాడు పక్కన నడుస్తాడు! ఇది చాలామందికి తెలుసు. 1929 చాలీస్‌గావ్ సంగతే మనవాళ్లు తక్కువ చెప్పుకుంటారు. అప్పటికి ఆయన బారిస్టరు, ప్రభుత్వ కమిటీ సభ్యుడు. అయినా టాంగావాళ్లు ఎక్కించుకుని తోలమన్నారు. మహర్‌వాడ జనానికి ఆయన్ని నడిపించుకుపోవడం నామోషీ అనిపించింది. టాంగా మాత్రం కిరాయికి తీసుకుని, తోలడానికి వాళ్లలోనే ఒకణ్ణి కూర్చోబెట్టారు. అతను అంతకుముందెప్పుడూ టాంగా తోలినవాడు కాదు. కల్వర్టు మీద చక్రం ఇరుక్కుంది, ఆయన ఎగిరి రాళ్ల మీద పడ్డాడు, కాలు విరిగింది. గుర్రం, బండి ఏట్లో పడ్డాయి. ఆ జనం ప్రేమనూ పౌరుషాన్నీ నేను తప్పుపట్టను. కానీ తోలడం ఎవరికీ నేర్పని సమాజంలో పగ్గాలు ఒక్కసారిగా చేతికొస్తే జరిగేది అదే.

మా చాలీస్‌గావ్ మాకు వచ్చింది. ఒక ప్రభుత్వ ఆఫీసు కండెమ్ చేసిన బండ్లు వేలం వేస్తే, నలుగురం చందాలేసుకుని ఈ జీపు పాడాం. డోరు మీద ఆ శాఖ పేరు గీకి పైన నీలం రంగు కొట్టాం. ఏటవాలు ఎండలో ఆ అక్షరాలు ఇప్పటికీ కనపడతాయి. వాడకు జీపు వచ్చిందని డప్పు కొట్టారు, కుర్రాళ్లు బానెట్ మీదెక్కి ఫొటోలు దిగారు.

ఆ వర్షాకాలం వాడలో ఒక పెద్దామె చనిపోయింది. మా శ్మశానానికి దారి ఊరి రైతుల చేల గట్ల వెంట, అంతా నల్లరేగడి. ట్రాక్టరు అడిగితే ఇవ్వలేదు. "మన జీపు ఉందిగా" అన్నాను, నేనే. సగం దారిలో దిగబడింది. చిన్న లివర్ లాగి ఫోర్‌వీల్ వేశా. వెనక చక్రాలు గిర్రున తిరిగి ఇంకా లోతుకి దిగాయి, ముందువి కదల్లేదు. గట్టు మీద ట్రాక్టర్ల వాళ్లు నిలబడి చూస్తున్నారు. చివరికి శవాన్ని భుజాల మీదే మోసుకుపోయాం, మోకాళ్ల లోతు బురదలో. ఆమె కొడుకు నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది.

మర్నాడు ఒంగోలులో ఒక సాయిబు మెకానిక్ బండి చూసి, ముందు చక్రం మధ్యనున్న హబ్ మూతను చేత్తో తిప్పాడు. అంతే. ఆ రెండు మూతలూ 'లాక్' వైపు తిప్పకపోతే లివర్ ఎంత లాగినా ముందు చక్రాలకు బలం అందదు. శాఖలో నడిచినన్నాళ్లూ అది తారురోడ్డు దిగిందో లేదో, మూతలు ఫ్రీలోనే తుప్పు పట్టి ఉన్నాయి. మాకు చెప్పినవాడు లేడు, మేం అడగనూ లేదు.

అప్పటి నుంచి నేను జీపు కింద దూరడం మొదలుపెట్టా. పట్టీల పిన్నులకూ, ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులకూ గ్రీజు గన్ పెట్టాలి. నీళ్లలో దిగితే ఇంటికి రాగానే మళ్లీ పెట్టాలి, పాత గ్రీజుతో పాటు బురద బయటికి వచ్చేదాకా. పొద్దున స్టార్ట్ కాకపోతే ఇంజన్‌ని తిట్టకుండా హీటర్ ప్లగ్గులు చూడాలి. తారురోడ్డు ఎక్కగానే ఫోర్‌వీల్ తీసెయ్యాలి. మలుపులో ముందు చక్రాలు వెనకవాటి కంటే ఎక్కువ దూరం తిరుగుతాయి, ఈ బండిలో ఆ తేడాను సర్దే డిఫరెన్షియల్ మధ్యలో లేదు. వదిలేస్తే గేర్లు బిగుసుకుంటాయి. ఆ సాయిబు గారు నాకు ఇవన్నీ ఊరికే నేర్పాడు. రాజ్యాంగం క్లాసులు చెప్పే నాకు స్పానర్ సైజు తెలియదని మాత్రం నెల రోజులు నవ్వాడు.

తమ్ముడి ప్రశ్న న్యాయమైందే. పొగ వస్తుంది, డీజిల్ తాగుతుంది. పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యూవల్ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 చేశారు, అదీ ఐదేళ్లకే. ఎఫ్‌సీకి పోయిన ప్రతిసారీ ఇదే ఆఖరు అనుకుంటా. ఎవర్నీ ఇలాంటిది కొనమని చెప్పను.

కానీ ఆ శ్మశానం దారి ఇంకా మట్టిదే, వానలు దగ్గరపడ్డాయి. స్టీరింగ్ వణుకుతోంది, కింగ్‌పిన్ బేరింగులు మార్చాలి. ఆదివారం పొద్దున ఏడింటికి మా ఇంటి ముందు విప్పుతున్నాం. పాలిటెక్నిక్ చదివే మా వాడ చెల్లెళ్లు ఇద్దరు ముందు హబ్ విప్పుతామన్నారు, నేను పక్కన నిలబడి పానాలు అందిస్తా. వచ్చేవాళ్లు పాత బట్టలు వేసుకుని రండి.