కాఫీ కూజాకి చొక్కా

అజ్మాన్‌లో కూచుని ఉన్ని అల్లుకోవడం ఏమిటని నవ్వుకోకండి. బయట నలభై అయిదు డిగ్రీలుంటే లోపల ఏసీ పద్దెనిమిదిలో ఉంటుంది. ఆ చలికి రెండో కప్పు పోసుకునేలోగానే కాఫీ చల్లారిపోతుంది. అందుకని మా ఆవిడ పింగాణీ కూజాకి ఉన్ని చొక్కా అల్లుతోంది. ఇంగ్లీషువాళ్ళు దీన్ని కోజీ అంటారు. కొమ్ముకీ పిడికీ కంతలు వదిలి మిగతాదంతా మూసేస్తారు. పోగుల మధ్య చిక్కుకున్న గాలి కదలదు కనక వేడి తొందరగా బయటికి పోదు. అంతే సైన్సు. ఆవిడ అల్లుతుంటే పక్కన కూచుని దీని చరిత్ర తవ్వడం నా వంతు.

ఆ మాటకొస్తే కాఫీ విషయంలో ఈ నేల మనకన్నా సీనియరు. ఇక్కడి ఒక దిర్హం నాణెం మీద ఉన్న బొమ్మే దల్లా, అంటే అరబ్బుల కాఫీ కూజా. అరబ్బు కాఫీ సంప్రదాయం 2015లో యునెస్కో జాబితాకీ ఎక్కింది. దల్లాకి మాత్రం చొక్కా ఉండదు. పూర్వం నిప్పుల పక్కన పెట్టేవారు, ఇప్పుడైతే ఫ్లాస్కు. మన ఇళ్ళలోనూ ఆ అవసరం రాలేదు. డికాక్షన్ చల్లారితేనేం, పాలు పొయ్యి మీదే ఉంటాయిగా! కోజీ, బల్ల మీద లేసు గుడ్డ, పళ్ళెం కింద గుండ్రటి లేసు ముక్క, ఇవన్నీ దొరల డ్రాయింగు రూము సరంజామా.

ఆ లేసులో కొంత మా వైపు నుంచే వెళ్ళింది. నరసాపురం, పాలకొల్లు పేర్లు విన్నారా? నరసాపురం పక్కన మాధవాయిపాలెంలో ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరం ఉండేది. మడపొల్లం అనే నూలుగుడ్డకి ఆ పేరు వచ్చింది అక్కడినుంచే. గుడ్డ వ్యాపారం పడిపోయాక, 19వ శతాబ్దంలో మిషనరీలు అక్కడి పేద ఆడవాళ్ళకి క్రోషా లేసు నేర్పారు. మా ఆవిడ చేసేది రెండు సూదుల పని, అది ఒకే కొక్కెం సూది పని. వేడి నిలపడానికి లేసు పనికిరాదు, అన్నీ చిల్లులేగా. అది చూపుకి మాత్రమే.

తర్వాత వర్తకులు దిగారు. పని ముక్కలైంది. పువ్వులూ ఆకులూ అల్లితే చేతిపని, వాటిని కలిపితే అతుకుపని, ఇంకా కాజాకుట్టు. ఒకామె అల్లిన పువ్వు ఏ బల్లగుడ్డలో చేరిందో ఆమెకే తెలియదు. దారం ఇచ్చేవాడూ, సరుకు పట్టుకెళ్ళేవాడూ, ఎగుమతి చేసేవాడూ దాదాపు అందరూ మగవాళ్ళే.

జర్మన్ సామాజికవేత్త మారియా మీస్ 1970ల చివర్లో అక్కడ తిరిగి, 1982లో పుస్తకం వేశారు. రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లిన మనిషికి సగటున ముట్టేది అర్ధరూపాయికి కాస్త పైన. పొలం కూలికి వెళ్ళే ఆడవాళ్ళకి అంతకన్నా నయంగా దొరికేదట. మరి ఇదెందుకు చేసేవారు? గోషా ఉన్న కాపు ఇళ్ళలో పొలానికి వెళ్ళడం పరువు తక్కువ. లేసు అయితే అరుగు దిగక్కర్లేదు. పైగా వాళ్ళు పనివాళ్ళు కారు, "ఇంట్లో ఖాళీగా కూచునే" ఇల్లాళ్ళు! మీస్ పుస్తకంలో కీలకం ఇదే అని నా అభిప్రాయం. ఖాళీగా ఉన్నామనే మాటే కూలి తగ్గించే సాధనం.

మా అమ్మమ్మ లేసు కుట్టేది. "మీ అమ్మమ్మ ఏం చేస్తుంది?" అంటే మా ఇంట్లో అందరూ "ఏం చెయ్యదు" అనేవారు. మా అమ్మ పరీక్ష ఫీజు ఆ "ఏం చెయ్యని" డబ్బులోంచే కట్టారని ఈ మధ్యే తెలిసింది. నేనిక్కడ గంటల లెక్కన బిల్లు వేసుకుని బతికేవాణ్ణి. అమ్మమ్మ గంటలు లెక్కకట్టడం మొదలెట్టి, ఆపేశాను.

2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. కానీ యంత్రాల లేసు ఎప్పుడో పోటీకి వచ్చేసింది. ఆ గోదావరి ఊళ్ళ నుంచే ఎందరో ఆడవాళ్ళు ఇళ్ళల్లో పనికి గల్ఫ్‌కి వచ్చారు. గడప దాటకూడదన్న నేల నుంచి సముద్రం దాటారు. మా బిల్డింగులో పనిచేసే ఒక పిన్నిగారిది ఆచంట వైపు. మా ఆవిడ కోజీ చూసి, "అంచు వదులుగా ఉందమ్మా, ఒక వరస విప్పెయ్యండి" అంది. విప్పి మళ్ళీ అల్లుతున్నారు ఇద్దరూ. ఈలోగా కాఫీ చల్లారింది, నేను వేడిచేసుకొస్తాను.