తెరచాప పందేలు – సముద్ర మార్గ నియమాలు: ఒకే నీటిపై రెండు నియమావళులు

సముద్రంపై సంచరించే నౌకలు పరస్పరం ఢీకొనకుండా కాపాడే అంతర్జాతీయ నియమావళి 1972 అక్టోబరు 20న లండన్‌లో ఆమోదం పొంది, 1977 జులై 15 నుండి అమలులోకి వచ్చింది. నావికులు దీనిని క్లుప్తంగా ‘కోల్‌రెగ్స్’ అంటారు. చమురు నౌక మొదలుకొని చిన్న తెరచాప పడవ వరకు అన్నింటికీ ఇది శాసనమే. తెరచాప పడవల పందేలకు మాత్రం వేరొక నియమావళి ఉన్నది. ‘వరల్డ్ సెయిలింగ్’ అనే అంతర్జాతీయ సమాఖ్య దానిని నాలుగేండ్లకొకసారి సవరించి ప్రకటిస్తుంది. 2025–2028 సంవత్సరాల ప్రతి ప్రస్తుతం అమలులో ఉన్నది. మొదటిది ప్రభుత్వాల ఒడంబడిక, రెండవది ఆటగాళ్ల ఒప్పందం. చిక్కంతా ఈ భేదంలోనే ఉన్నది.

మూలసూత్రాలలో రెండూ ఏకీభవిస్తాయి. రెండు తెరచాప పడవలు ఎదురైనప్పుడు ఎడమవైపు నుండి గాలి అందుకుంటున్న పడవ, కుడివైపు నుండి గాలి అందుకుంటున్న పడవకు దారి ఇవ్వాలి. రెండింటికీ గాలి ఒకే వైపు నుండి తగులుతుంటే, గాలి వచ్చే దిక్కున ఉన్నది తొలగి, గాలి మరుగున ఉన్నదానికి చోటు వదలాలి.

ఆపైన దారులు వేరవుతాయి. కోల్‌రెగ్స్ ప్రకారం దారి హక్కు గల నౌక తన దిశను, వేగాన్ని మార్చకుండా సాగిపోవాలి. అప్పుడే ఎదుటి నావికుడు దాని గమనాన్ని ముందుగా ఊహించగలడు. పందెంలో ఈ హక్కు ఒక ఆయుధం. గాలి మరుగున ఉన్న పడవ గాలివైపుకు తిరుగుతూ పైనున్న ప్రత్యర్థిని దారి మళ్లించవచ్చు. తప్పుకోవడానికి తగిన ఎడం ఇస్తే చాలు. అధిగమించే విషయంలోనూ ఇదే తీరు. సముద్ర నియమం ప్రకారం వెనుకనుండి వచ్చి దాటే నౌక పూర్తిగా దాటి దూరమయ్యేవరకు బాధ్యత దానిదే. పందెంలోనో, వెనుకనుండి వచ్చిన పడవ గాలి మరుగు పక్కన సమానంగా చేరగానే, కొన్ని పరిమితులకు లోబడి, దారి హక్కు దానికి సంక్రమిస్తుంది. ఇక పందెపు గుర్తుల చుట్టూ, సాధారణంగా మూడు పడవల పొడవు మేర, లోపలివైపు పడవకు లభించే చోటు హక్కుకు కోల్‌రెగ్స్‌లో పోలికే లేదు. అక్కడ గుర్తు బోయా కేవలం ఒక బోయా.

మరి ఏది ఎప్పుడు వర్తిస్తుంది? సమాధానం పందెపు నియమావళి రెండవ భాగపు ఉపోద్ఘాతంలోనే ఉన్నది. పందెపు ప్రాంతంలో గాని, దాని సమీపంలో గాని పాల్గొనే పడవల నడుమ పందెపు నియమాలు. పందెంతో సంబంధం లేని నౌక ఎదురైన క్షణం నుండి దానితో వ్యవహరించడానికి కోల్‌రెగ్స్ లేదా స్థానిక ప్రభుత్వ నియమాలు. ఒకే సారథి ఒకే నిమిషంలో కుడివైపు పోటీదారుతో ఒక నియమావళిని, ఎడమవైపు సరుకు నౌకతో మరొక నియమావళిని పాటించవలసి రావచ్చు. పందెంలో ఉన్నంత మాత్రాన పరాయి నౌకపై ఏ ప్రత్యేక హక్కూ రాదు.

ఆటగాళ్ల ఒప్పందానికి న్యాయస్థానంలో ఎంత బలం ఉంటుందో తేల్చినది స్కాట్లండులోని క్లైడ్ సాగరశాఖలో 1894 జులైలో జరిగిన ప్రమాదం. లార్డ్ డన్‌రావెన్‌కు చెందిన ‘వాల్కిరీ–2’ అంతకు ముందటి ఏడాదే అమెరికా కప్పుకు పోటీపడిన పేరుగల పడవ. పందెంలో దానిని ‘సటానిటా’ ఢీకొని ముంచివేసింది. నౌకాచట్టం ప్రకారం నష్టపరిహారం టన్నుకు 8 పౌండ్లకు పరిమితమని సటానిటా యజమాని వాదించాడు. పోటీదారులందరూ క్లబ్బుకు వ్రాసి ఇచ్చిన పత్రంలో, నియమాలను ఉల్లంఘించినవారు నష్టమంతా భరించాలనే షరతుకు కట్టుబడ్డారు. వ్యవహారం హౌస్ ఆఫ్ లార్డ్స్ వరకు వెళ్లింది. ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకోకపోయినా, పందెంలో పేరు నమోదు చేసుకోవడంతోనే పోటీదారుల మధ్య ఒప్పందం ఏర్పడిందని, నష్టం పూర్తిగా చెల్లించాలని తీర్పు వెలువడింది. 1897నాటి న్యాయనివేదికలలోని ఈ తీర్పు నేటికీ ఒప్పంద న్యాయశాస్త్ర పాఠ్యాంశమే.

సుమారు నూరేండ్ల తరువాత ఇదే ప్రశ్న అమెరికాలో తలెత్తింది. 1992లో ఫ్రాన్సులోని సెయింట్ ట్రోపే వద్ద పందెంలో ‘ఎండెవర్’, ‘షార్ల్ జూర్దాన్’ పడవలు ఢీకొన్నాయి. పందెపు న్యాయసంఘం ఎండెవర్‌ను తప్పుపట్టింది. దిగువ న్యాయస్థానం కోల్‌రెగ్స్‌ను ఆధారం చేసుకొని తప్పును ఇరువురికీ పంచగా, 1995లో అప్పీలు న్యాయస్థానం దానిని త్రోసిపుచ్చింది. స్వేచ్ఛగా అంగీకరించిన పందెపు నియమాలే వారి నడుమ చెల్లుతాయని పేర్కొన్నది. ఈ నిర్ణయం న్యాయమైనదే. రమ్మని పిలిచి ఆడిన ఆటకు, ఓడిన తరువాత వేరే నియమాలు వెతకడం ఏమి నీతి?

మూడవవారి విషయంలో ఆ ఒప్పందం ఎందుకూ పనికిరాదని 2011 ఆగస్టులో ఇంగ్లండులోని కౌస్ పందేలలో రుజువైంది. సుమారు 1,20,000 టన్నుల చమురు నౌక ‘హన్నే నట్సన్’ ముందుకు ‘అటలాంటా ఆఫ్ చెస్టర్’ అనే చిన్న యాట్ వచ్చింది. తెరచాప నౌక లంగరుకు చిక్కుకొని కొయ్యస్తంభం విరిగింది; పడవలోని ఇద్దరు గాయపడ్డారు. తెరచాపకు ఇంజను నౌక ఎప్పుడూ దారి ఇస్తుందనే నమ్మకం చాలామందిలో ఉన్నది. అది సగం నిజమే. ఇరుకు కాలువలో తప్ప నడవలేని పెద్ద నౌకకు 20 మీటర్ల లోపు పడవలు గాని, తెరచాప పడవలు గాని అడ్డు రాకూడదని తొమ్మిదవ నియమం. అక్కడి రేవు అధికారులు అదనంగా పెద్ద నౌకలకు ముందు 1,000 మీటర్లు, ఇరుపక్కలా 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతంగా నిర్ణయించారు. 2013లో న్యాయస్థానం యాట్ సారథికి 3,000 పౌండ్ల జరిమానా, 1,00,000 పౌండ్ల ఖర్చులు విధించింది.

రేవులు, నదులు, సరస్సులలో స్థానిక నియమాలకు కోల్‌రెగ్స్ మొదటి నియమమే చోటు ఇస్తుంది. కనుక చెన్నై రేవులో, 1911లో ఏర్పడిన రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ సభ్యులు రేవు నిబంధనలను కూడా చూసుకోవాలి. సముద్రనౌకలు చేరలేని హైదరాబాదు హుస్సేన్‌సాగర్‌కు కోల్‌రెగ్స్ వర్తించవు. అక్కడి సెయిలింగ్ వారోత్సవంలో పోటీదారుల నడుమ నడిచేవి పందెపు నియమాలే.

సుదీర్ఘ సముద్ర పందేలలో నిర్వాహకులు తరచూ రాత్రివేళ పోటీదారుల నడుమ కూడా కోల్‌రెగ్స్‌నే అమలు చేస్తారు. ఇందుకు పందెపు ఉత్తర్వులలో స్పష్టంగా వ్రాయాలి. చీకటిలో దీపాలే ఆనవాళ్లు గనుక ప్రత్యర్థిని మళ్లించే ఎత్తుగడలకు తావుండదు. 2018 జనవరిలో హాంకాంగ్ సమీపాన రాత్రివేళ వోల్వో ఓషన్ రేస్ పడవ ‘వెస్టాస్’ ఒక చేపల పడవను ఢీకొనగా ఒక జాలరి మరణించాడు. పద్దెనిమిదవ నియమం ప్రకారం చేపల వేటలో ఉన్న నౌకకు తెరచాప పడవ దారి ఇవ్వాలి. ఆ హక్కు వల వంటి సాధనాలు నీటిలో ఉండి కదలిక కట్టుబడినంతవరకే. వల లాగుకొని ఇంజనుతో ఇంటిదారి పట్టిన పడవ సాధారణ ఇంజను నౌకగానే లెక్కకు వస్తుంది; అప్పుడు తెరచాపకు తానే తొలగి దారి ఇవ్వాలి.