సుబ్బారావుగారి మందు - మా ఇంటి పాఠం



మన వయసులో మందుల డబ్బా లేని ఇల్లు లేదు. ఒక మందుకు మరో మందు తోడైతే ఒంట్లో ఏమవుతుందో చెప్పడానికి మన తెలుగువాడి చరిత్ర ఒకటి ఉంది.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్ళారు. ఆయన అన్నదమ్ములు గ్రహణి వ్యాధితో పోయారు. లెడర్లీ సంస్థలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. గ్రహణి రోగుల రక్తహీనతకు అది మందయింది. తరువాత ఆ విటమిన్ పనికి అడ్డుపడే మందులనూ ఆ బృందమే తయారుచేసింది. వాటిలో అమినోప్టెరిన్‌తో పిల్లల రక్తక్యాన్సర్‌ను కొంతకాలం అణచగలిగినట్లు డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. ఆ ఏడే సుబ్బారావుగారు కన్నుమూశారు. మరొకటి మెథోట్రెక్సేట్. దాన్ని నేడు కీళ్ళవాతానికి చిన్న మోతాదులో వారానికొక్కసారే ఇస్తారు.

చిక్కడపల్లిలో మా ఇంట్లో ఆ మాత్ర ఉంది. 2016లో మా ఆవిడకు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తే వేరొక డాక్టరుగారు కోట్రైమాక్సజోల్ రాశారు. కీళ్ళ మందు సంగతి ఆయన అడగలేదు, మేము చెప్పలేదు. వారం తిరిగేసరికి నోరంతా పూత, జ్వరం. రక్తంలో తెల్లకణాలు బాగా పడిపోయాయి. ఆసుపత్రిలో రెండు మందులూ ఆపి, ఫోలినిక్ యాసిడ్ ఇంజెక్షన్లు ఇచ్చారు. పది రోజులకు మనిషి ఇంటికి వచ్చింది.

కోట్రైమాక్సజోల్ కూడా ఫోలిక్ యాసిడ్ పనికే అడ్డుపడుతుందట. పైగా మెథోట్రెక్సేట్‌ను మూత్రపిండాలు బయటకు పంపకుండా చేస్తుంది. దానితో ఎముకల్లోని మూలుగ రక్తకణాలను తయారుచేయలేకపోతుంది. కొన్ని నొప్పి మాత్రలతోనూ మెథోట్రెక్సేట్ ఒంట్లో పేరుకుపోవచ్చు.

ముప్పై ఏళ్ళు ఫైళ్ళు చూసినవాణ్ణి. ఒక సెక్షన్ ఉత్తర్వు మరో సెక్షనుకు తెలియకపోతే ఏమవుతుందో ఎరుగుదును. ఇంట్లో మాత్రం ఏమరుపాటు పడ్డాను. ఇప్పుడు మందుల పేర్లు, మోతాదులు, వేసుకొనే రోజులు ఆయుర్వేదంతో సహా ఒకే కాగితం మీద రాసి దగ్గర పెట్టుకుంటున్నాం. డాక్టరుగారికీ, నారాయణగూడ మందుల షాపులోనూ అడగకముందే చూపిస్తున్నాం.

ఇది చదివి ఎవరూ సొంతంగా మందు మానవద్దు. కాగితం రాయండి, చాలు.