ఎలమంచిలి భూమి మధ్యవర్తులు

అనకాపల్లి దాటి రాజమహేంద్రవరమువైపు సాగు రహదారిలో తగులు ఎలమంచిలి నేడు చూచువారికి ఒక చిన్న పట్టణము మాత్రమే. కాని మద్రాసు ప్రభుత్వపు దినములలో అది సర్వసిద్ధి తాలూకాకు ముఖ్యస్థానము. విశాఖమండలమున నధికభాగము 1802 నాటి శాశ్వత పరిష్కారముచే జమీందారుల యధీనమైపోగా, గొలుగొండ, సర్వసిద్ధి తాలూకాలు ప్రభుత్వపు తాలూకాలై రైతువారీ పద్ధతికి లోబడినవి. ఈ భేదము పైకి శిస్తు వ్యవహారముగా గన్పట్టునేగాని, తరతరములుగా భూమి బేరములు కుదుర్చు కుటుంబముల వృత్తికి ఇందే బీజమున్నదని నా నమ్మకము. జమీందారీ గ్రామమున రైతు దివాణపు ముఖము చూడవలసినవాడు. రైతువారీ గ్రామమున పట్టా అతని పేరనే యుండును గనుక, కూతురి పెండ్లికో, వ్యాజ్యపు ఖర్చుకో ఎకరము అమ్మదలచినచో ఒకరి సెలవు వేడనక్కరలేదు. కొనువానిని వెదకి తెచ్చువాడొకడు కావలెను, అంతే.

మొదట ఈ వెదకి తెచ్చుట ఎవరికిని ప్రత్యేకవృత్తి కాదు. బెల్లము, ధాన్యము బేరములాడు షావుకారును, దస్తావేజులు వ్రాయు లేఖరియు తమ పనితోపాటు దీనినిగూడ చక్కబెట్టెడివారు. 1864లో దస్తావేజులను రిజిస్టరు చేయవలెనను శాసనము వచ్చినది. నూరు రూపాయలు, అంతకు మించిన స్థిరాస్తి విక్రయము రిజిస్టరు కానిదే చెల్లదను నియమము 1908 నాటి శాసనముతో నేటివరకు నిలిచియున్నది. నోటిమాటతో నడచిన వ్యవహారము స్టాంపు కాగితమున కెక్కగా, ఆ కాగితము చదువనేర్చినవానికి విలువ పెరిగెను.

ఇక ఈ పని తండ్రినుండి కొడుకునకు సంక్రమించుటకు హేతువు పాత దస్తావేజులలోనే కన్పట్టును. వానిలో చెక్కుబందీ అను భాగమున తూర్పున ఫలానావారి పొలము, దక్షిణమున ఫలానావారి తోట, పడమర కాలువగట్టు, ఉత్తరమున పుంత అని హద్దులు వ్రాయుదురు. నలువది యేండ్లకు ఆ ఫలానావారు గతింతురు. వారి భూమి ముగ్గురు కుమారులలో చీలును. ఒకడు తన వాటా తాకట్టు పెట్టును. మరియొకడు రంగూను పోయి తిరిగిరాడు. అప్పుడా కాగితమునకు ప్రాణము పోయగలవాడు, ఎవరి మనుమడెవరో, ఏ గట్టు ఎప్పుడు జరిగెనో ఎరిగినవాడొక్కడే. బయానా పుచ్చుకొనుటకు ముందు వంశవృక్షమంతయు నోట చెప్పి, సంతకములు చేయవలసినవారిని ఒక్కొక్కరినే పేర్కొను మధ్యవర్తి, నూటికి ఒకటో రెండో రూపాయల కమీషనునకు అమ్మునది ఆ జ్ఞాపకశక్తినే. అట్టి జ్ఞాపకము సంతలో దొరకునది కాదు. తండ్రివెంట గట్లమీద నడచిన బాలునికే అబ్బును.

1984లో కరణము, మునసబుల పదవులు రద్దయినపుడు గ్రామపు లెక్కలతోపాటు లెక్కలలో లేని సంగతులెన్నో మరుగునపడెను. నాటినుండి ఈ కుటుంబముల మాటకు గౌరవము హెచ్చెనని నేను తలచుచున్నాను. మరుసటియేట, 1985 సెప్టెంబరు 5 మొదలుకొని, అవివాహితలైన కుమార్తెలకు పిత్రార్జితమున సమభాగమిచ్చు సవరణ ఆంధ్రప్రదేశమున అమలులోనికి వచ్చినది. 2005లో దేశమంతటను కుమార్తెలకు ఆ హక్కు కలిగెను. అంతవరకు మగవారి పేర్లతోనే ముగియు వంశవృక్షమును మధ్యవర్తి మరల మొదటినుండి నేర్చుకొనవలసివచ్చెను.

ఇంతలో విశాఖ పెరుగుచుండెను. 1971 జనవరి 20న ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది; అందులకై భూములు పోగొట్టుకొన్న పల్లెల గోడు ఈ జిల్లాకెల్ల తెలిసినదే. తరువాత అచ్యుతాపురము, రాంబిల్లి ప్రాంతమున ప్రత్యేక ఆర్థిక మండలి వెలసెను. చెరకుతోటలు లేఅవుట్లయి, ఎకరము గజములుగా విడిపోయినది. ఎకరమునకు 4840 గజములు గదా! రహదారి పొడవునను రియల్ ఎస్టేటు బోర్డులు లేచినవి.

ఆ బోర్డుల వెనుక కొనరాని భూములును ఉండెడివి. భూమిలేని పేదలకు ప్రభుత్వమిచ్చిన భూమిని కొనుట 1977 నాటి చట్టముచే నిషిద్ధమయ్యెను; అది తెలియక జీవితకాలపు పొదుపును ధారపోసిన గుమాస్తాలను, ఉపాధ్యాయులను తలచుకొన్నపుడు మనస్సు క్షోభించును. ఆ బేరము వలదని ముందే వారించి, కమీషను వదలుకొన్న మధ్యవర్తి ఆ ఇంటిని నిలిపినవాడు. తెలిసియు నోరు మూసికొన్నవానిని నేను క్షమింపజాలను.

1998 నవంబరులో రాష్ట్రమున రిజిస్ట్రేషనులు కంప్యూటరునకెక్కినవి. 2016 నాటి రెరా చట్టము మధ్యవర్తియు పేరు నమోదు చేయించుకొనవలెనని శాసించినది. నేడు ఆఫీసులో బల్లకు ఒకవైపున కుమారుడు ఫోనులో సర్వే నంబరు చూపుచు ధర వివరించును, వెనుక కుర్చీలోని తండ్రి, పాత దస్తావేజు మడతలు మెల్లగా విప్పుచు, అమ్మవచ్చినవానిని అడుగుచుండును: "నీ అప్పచెల్లెండ్రెందరు నాయనా? వారినిగూడ తోడుకొని రమ్ము."