చదువు అప్పు: మాఫీ వేరు, మొహలత్ వేరు

బ్యాంకులో కర్జ్ తీసుకొని డిగ్రీ చదివిన పిల్లవాడు, నౌకరీ దొరక్క సొంతంగా ఏదైనా చిన్న వ్యాపారం పెడతానంటే ఇంట్లో పెద్దలు ముందు అడిగేది ఒకటే: "మరి కిస్తు ఎవరు కడతారు?" ఈ ప్రశ్నకు మన దేశంలో ఒక చరిత్ర ఉంది.

1963లో కేంద్ర ప్రభుత్వం వడ్డీ లేని చదువు అప్పుల పథకం పెట్టింది. అప్పు తీసుకున్నవాడు ఉపాధ్యాయుడైతే, చేసిన ఒక్కొక్క ఏడాది సర్వీసుకు పదో వంతు మాఫీ. నావంటి పంతుళ్లకు సంతోషమే! కానీ వ్యాపారంలో దిగినవాడికి ఆ వరుసలో చోటు లేదు.

2001లో బ్యాంకుల సంఘం విద్యారుణాల నమూనా పథకం తయారుచేసింది. చదువు ముగిసిన ఏడాదికి, లేదా ఉద్యోగం వచ్చిన ఆరు నెలలకు, ఏది ముందైతే అప్పటినుంచి కిస్తులు మొదలు. లెక్కంతా నౌకరీ చుట్టూనే తిరిగింది. కొత్త వ్యాపారం మొదటి నెలనుంచే జీతం ఇస్తుందా?

2015లో సవరించిన పథకంలో ఈ లోటు కొంత తీరింది. పట్టభద్రుడు స్టార్టప్ మొదలుపెడితే, అది నిలదొక్కుకొనేదాకా కిస్తులు ఆపే వీలు కల్పించారు. అయితే ఇది మాఫీ కాదు, మొహలత్, అంటే గడువు మాత్రమే. అసలు తగ్గదు, వడ్డీ ఆగదు. మన చిన్న వ్యాపారం ఆ లెక్కలోకి వస్తుందా అన్నది బ్యాంకు తేల్చాలి. అడగనివాడికి మాత్రం ఏమీ రాదు.

కనుక కిస్తు తప్పాక మొహం చాటేయడం కాదు, తప్పకముందే అర్జీ రాసి ఇవ్వాలి. ఆ రోజు పిల్లవాడి వెంట ఒక పెద్దమనిషి బ్యాంకుదాకా నడిస్తే, అదే సగం సాయం.